నల్ల సైకిలు మీద ఎర్ర గీత

పోయిన వారం శ్రావణిని విజయనగరంలో, రమేష్‌బాబు సైకిళ్ళ కొట్లో, మూడు సైకిళ్ళ ముందు నిలబెట్టి వదిలేశాం. ఆదివారం జిల్లా సైక్లింగ్ సెలక్షన్లు. చేతిలో ఉన్నది ఇరవై ఆరు వేలు. నెల్లిమర్లలో ఇంటి దగ్గర అన్నయ్య ప్రదీప్ దవడకి తీగలు కట్టించుకుని మంచం మీద ఉన్నాడు. అతను ఇదే కొట్లో ముచ్చటపడి కొనుక్కున్న నీలం రేసు సైకిలు మూడో రోజునే కళింగపట్నం దగ్గర అతన్ని విసిరికొట్టింది. రోడ్డు పక్కన ఎండుచేపలు అమ్ముకుంటున్న మరిడమ్మ కాలు విరిగింది. కేసయింది. కానిస్టేబుల్ పరీక్ష నెగ్గి, ఉద్యోగం కాగితం కోసం ఎదురుచూస్తున్న కుర్రాడి మీద కేసు! ఒళ్ళు తెలీకుండా తొక్కాడని ఊరంతా అంది. ‘హ్యాండిల్ నా మాట వినలేదు’ అని అతను కాగితం మీద రాసిచ్చాడు. నమ్మింది చెల్లెలొక్కతే.

ఇప్పుడు అదే కొట్టు షట్టరు కిందికి దిగుతోంది.

మధ్యాహ్నం మూడు గంటలకి, ఎర్రటి ఎండలో, బేరాల వేళలో ఏ షావుకారూ కొట్టు మూసుకోడు. రమేష్‌బాబు మూస్తున్నాడు. ఇనప కొంకి షట్టరుకి తగిలించి, రెండు చేతులా కిందికి లాగుతున్నాడు. అతని చొక్కా వీపంతా తడిసిపోయింది.

“అమ్మా, సైకిలు అక్కడ పెట్టి బయటికి రా. బేరం లేదు, ఏం లేదు. నువ్వు కొనొద్దు, నేను అమ్మను. అయిపోయింది.”

శ్రావణి కదల్లేదు. నల్ల సైకిలు ఫ్రేములోంచి చెయ్యి దూర్చి, మోచేతితో బిగించి పట్టుకుంది. పిల్లని చంకనేసుకున్నట్టు పట్టుకుంది. ఆమె కళ్ళు హ్యాండిల్ కింద, లావుపాటి గొట్టాలు రెండూ కలిసే చోట ఆగిపోయాయి.

అక్కడ తెల్లగా సున్నం పూసి ఉంది. ఆ తెలుపులో సన్నగా, వెంట్రుకంత సన్నగా, ఒక ఎర్ర గీత తేలుతోంది. ఇరవై నిమిషాల కిందట అది బియ్యపుగింజంత ఉంది. ఇప్పుడు బొటనవేలంత అయింది. ఇంకా పాకుతోంది.

షట్టరు నడుము దాకా దిగింది.

సరిగ్గా అప్పుడు బయట మోపెడ్ ఆగిన చప్పుడైంది. దిగే షట్టరు కింద ఒక భుజం అడ్డం పడింది. ఖాకీ చొక్కా, దాని మీద జనపనార పీచు. జూట్ మిల్లులో ఇరవై రెండేళ్ళుగా ఫిట్టరు పని చేస్తున్న భుజం అది.

“ఎత్తు,” అన్నాడు పైడిరాజు.

“పైడిరాజూ, నీ కూతురు నా కొట్లో...”

“ఎత్తమన్నాను. నా గుంట లోపలున్నాది.”

రమేష్‌బాబు ఎత్తలేదు. పైడిరాజే ఎత్తాడు. షట్టరు దడదడమంటూ పైకి పోయింది.

“ఏటైందమ్మా? ఫోన్లో ‘నాన్నా రా’ అని పెట్టేస్తే ఏటనుకోవాల? షిఫ్టు దిగి సబ్బు కూడా ఎట్టుకోకుండా వొచ్చీసినాను.”

“నాన్నా, నువ్వు చెప్పినట్టే చేశాను. చూడు.”

* * *

చెప్పినట్టే చేసింది. అక్కడికి ముప్పావుగంట ముందు సంగతి.

రాత్రి కోచ్ మోహనకృష్ణ సార్ ఫోన్లో ఒకటికి రెండుసార్లు చెప్పారు. “రంగు చూడకు. గేర్లెన్ని అని లెక్కపెట్టకు. మొదటి సైకిలుకి ఫ్రేమొక్కటే ముఖ్యం. నిలబడితే పైగొట్టానికీ నీకూ మధ్య రెండు వేళ్ళు పట్టాలి, కూర్చుంటే చేతులు సాగదీసి హ్యాండిల్ అందుకోవాల్సి రాకూడదు. ఫ్రేము మంచిదైతే మిగతావి ఏడాదికొకటి మార్చుకోవచ్చు. ఫ్రేము చెడ్డదైతే మార్చుకోడానికి నువ్వుండవు. హెల్మెట్‌కీ, పంపుకీ, రెండు ట్యూబులకీ మూడు వేలు విడిగా దాచుకో.”

ఆ లెక్కన ఎర్ర సైకిలు మొదటే పోయింది. అది ఆరడుగుల మనిషి కోసం కట్టింది. బూడిద రంగుది కొత్తది, ఇనుముది. చెయ్యి పెట్టి లేపితే సిమెంటు బస్తాలా ఉంది. నల్లది పాతదే, అల్యూమినియం. రెండు వేళ్ళతో లేచింది. కాలికి అతికినట్టు సరిపోయింది. కోట దాకా తొక్కి వచ్చేసరికి శ్రావణికి నవ్వాగలేదు. తొక్కుతున్నట్టు లేదు, ఎవరో వెనక నుంచి తోస్తున్నట్టు ఉంది.

ఒక్కటే లోపం. గట్టిగా తొక్కిన ప్రతిసారీ హ్యాండిల్ దగ్గర్నుంచి ‘టిక్’ అని చిన్న చప్పుడు.

“కొత్త గ్రీజు పడితే పోద్దమ్మా,” అన్నాడు రమేష్‌బాబు.

అంతకన్నా ముందు, పొద్దున్న, ఇంటి గుమ్మంలో గిరిబాబు మావ కూడా ఒక మాటన్నాడు. మావ అంటే అమ్మ తమ్ముడు. గోళ్ళ సందుల్లో ఎప్పుడూ ఏదో ఒక రంగు మరకుంటుంది, నోటి మీద ఎప్పుడూ నవ్వుంటుంది. శ్రావణి గుప్పిట్లో నాలుగు వేలు కుక్కి, “ఇనపదే కొనుక్కో, కొత్తదే కొనుక్కో. సాలకపోతే మావున్నాడు. నల్లది మాత్రం ముట్టుకోకే గుంటా, నలుపు మనింటికి అచ్చిరాదు,” అన్నాడు. ఎంత మంచి మావ! చేతిలో ఉన్న ఇరవై ఆరులో ఆ నాలుగూ కలిసే ఉన్నాయి.

శ్రావణికి నల్లదే కావాలనిపించింది. కానీ ఆ ‘టిక్’ ఆమెని వదల్లేదు.

సంచిలోంచి టానిక్కు సీసా తీసింది. నాన్న మిల్లు నుంచి పట్టుకొచ్చిన కిరోసిన్. “రోలర్లకి బీటలు కంటికి అవుపడవు,” అని నిన్న సాయంత్రం ఆయన నేర్పాడు. “కిరోసిన్ రాసి పావుగంట ఒగ్గీ. బీటుంటే లోపలికి దిగిపోద్ది. పైన పొడిగుడ్డెట్టి తుడిసీ. సుద్ద పూసీ. లోపల దాక్కున్నది బయటికొచ్చి తనంతట తనే గీత గీసి సూపిస్తాది. మనం ఎతకక్కర్లేదు.”

సుద్దముక్క ఇంట్లో మర్చిపోయింది. పక్కనున్న కిళ్ళీ కొట్లో అరచేతిలో ఇంత సున్నం అడిగి తెచ్చుకుంది.

రమేష్‌బాబు పకపకా నవ్వాడు. “సైకిలు కొంటున్నావా, తాంబూలం వేసుకుంటున్నావా?”

పావుగంట గడిచింది. తుడిచింది. సున్నం పల్చగా పూసింది. నాన్న చెప్పిన ప్రకారం గీత తడిగా, బూడిదరంగుగా రావాలి.

ఎర్రగా వచ్చింది.

రమేష్‌బాబు నవ్వు సగంలో తెగిపోయింది. శ్రావణి ఫోను తీసి నాన్నకి చేసింది. ఆ తర్వాత ఆయన వచ్చేదాకా బేరమాడుతున్నట్టు, ఆలోచిస్తున్నట్టు, మంచినీళ్ళు అడుగుతున్నట్టు కాలం సాగదీసింది. నెల్లిమర్ల నుంచి మోపెడ్ మీద ఎంతసేపు పడుతుందో ఆమెకి తెలుసు. రమేష్‌బాబుకి ఓపిక ఎంతసేపుంటుందో తెలీదు.

* * *

పైడిరాజు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు. గీతని వేలితో ముట్టుకోలేదు. వంగి వాసన చూశాడు.

“బీటే. సగం గొట్టం తెగిపోనాది. ఆదివారం నువ్వు దీన్నెక్కుంటే...” కళ్ళజోడు సర్దుకుని, “మరి ఎరుపేటి? ఎక్కడిదీ ఎరుపు?” అన్నాడు.

“తుప్పయ్యుంటది,” అన్నాడు రమేష్‌బాబు గబగబా.

“అల్యూమినియానికి తుప్పేటి షావుకారూ? నాను ఫిట్టర్ని.”

పైడిరాజు తాళం చెవి తీసి గీత పక్కన గీకాడు. నల్లరంగు పెచ్చుగా లేచింది. దాని కింద తెల్లగా, గట్టిగా లప్పం. గోటితో నొక్కి చూశాడు. “ఇది సైకిళ్ళోళ్ళు ఎట్టే లప్పం కాదు. ఆటోలకీ లారీలకీ ఎడతారు, సొట్ట పూడ్సడానికి.” ఇంకా గీకాడు. లప్పం పొడిపొడిగా రాలింది.

లప్పం కింద నీలం.

తండ్రీ కూతుళ్ళిద్దరూ ఒక్కసారే చూశారు. ఆకాశం నీలం కాదు, సముద్రం నీలం కాదు. స్కూలు పిల్లల సిరా నీలం. ఆ రంగు చూసే ప్రదీప్ మనసు పారేసుకున్నాడు. ఆ రంగునే పోలీసులు కళింగపట్నం రోడ్డు మీద ఫొటో తీసుకుని వదిలేశారు. ఆ రంగునే పాతసామాన్లకి వేసేశారని, తూకానికి వంద రూపాయలు కూడా రాలేదని ఇంట్లో అందరూ విన్నారు.

“ఇది అన్నయ్యది,” అంది శ్రావణి. ఆ గొంతు ఆమెకే కొత్తగా వినబడింది.

పైడిరాజు లేచాడు. నెమ్మదిగానే లేచాడు. రమేష్‌బాబు రెండడుగులు వెనక్కి వేశాడు.

“నా కొడుకు రగతం కళ్ళసూసిన బండికి రంగేసి, నా కూతురికే అమ్ముతావేటి?”

“పైడిరాజూ, ఆగు! ఆ పిల్లాడు పడ్డప్పుడే విరిగుంటది. పడితే విరగదా? నేనమ్మినప్పుడు బండి శుభ్రంగా ఉంది. పైడితల్లమ్మ మీద ఒట్టు!”

ఆ మాట శ్రావణి చెవిలో పడింది. పడి అక్కడే నిలబడిపోయింది.

పైడితల్లమ్మ.

ఆమె వంగి నాన్న గీకిన చోట చూపుడువేలు పెట్టింది. వేలి కొసకి ఎర్రగా అంటింది. బీట కొసన, సున్నం తగలని చోట, తాళం చెవితో కొంచెం కెలికింది. అక్కడ ఎరుపు లేదు. పచ్చగా ఉంది.

“నాన్నా, పారాణి,” అంది.

“ఏటి?”

“పసుపూ సున్నమూ కలిస్తే ఏమౌతుంది? దిష్టి తీసే నీళ్ళు ఎర్రగా ఎందుకుంటాయి? ఈ బీట లోపల పసుపుంది నాన్నా. కిరోసిన్ దాన్ని బయటికి తెచ్చింది, సున్నం తగిలి ఎర్రబడింది. రమేష్‌బాబుగారూ, ఈ కొట్లోంచి ఈ సైకిలు బయటికెళ్ళిన రోజు మీరున్నారు. మా అన్నయ్య దీన్ని తొక్కుకుంటూ వెళ్ళాడా, నడిపించుకుంటూ వెళ్ళాడా?”

రమేష్‌బాబు చేతిలోని ఇనప కొంకిని గోడకి ఆనించాడు.

“నడిపించుకుంటూ వెళ్ళాడు,” అంది శ్రావణి తనే. “అమ్మ ఒప్పుకోలేదు. పూజ కాకుండా కొత్త బండి మీద కాలెయ్యకూడదని ఇక్కడే, ఈ గుమ్మంలోనే తగూ పెట్టుకుంది. మీరే నవ్వారు. మూడు లాంతర్ల కూడలి దాకా నడిపించుకెళ్ళాం. అక్కడ పైడితల్లమ్మ గుడి ముందు అమ్మ చెంబులో పసుపు కలిపి ఫ్రేమంతా రాసింది. ఇదిగో, ఇక్కడ, హ్యాండిల్ కింద మరీ దట్టంగా రాసి బొట్టు పెట్టింది. ‘చాలమ్మా, గొలుసు పాడైపోతుంది’ అని అన్నయ్య మొత్తుకున్నాడు. ఆ తర్వాతే మొదటిసారి ఎక్కాడు. మళ్ళీ ఎప్పుడూ పసుపు రాయలేదు.”

ఆమె ఎర్రబడ్డ వేలు రమేష్‌బాబు ముందుకి చాచింది.

“పసుపు బీటలోకి వెళ్ళిందంటే, పసుపు రాసేసరికే బీటుంది. మా అన్నయ్య ఇంకా కాలు కూడా వెయ్యకముందే!”

పైడిరాజు కళ్ళజోడు తీసేశాడు. ఇరవై రోజులుగా మంచం మీద ఉన్న కొడుకుతో ఆయన సరిగా మాట్లాడలేదు. “ముసల్దాని కాలిరిసేసినావు కదరా” అన్నది ఒక్కటే ఆయన అన్న మాట. ఇప్పుడు అది గుర్తొచ్చినట్టుంది. మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. తిప్పుకుని, మళ్ళీ రమేష్‌బాబు వైపు తిరిగాడు. తిరిగిన మొహం వేరు.

“ఎస్సైగారి దగ్గరికి ఈ బండితోటే ఎల్దాం. నడు.”

“నేను కాదు!” రమేష్‌బాబు గొంతు చీలిపోయింది. “రెండుసార్లూ నాది కాదు బండి. ఒకడు తెచ్చి పెడతాడు. అమ్ముడైతే నాకు రెండు వేలు, మిగతాది వాడిది. దెబ్బ తిన్నవి విశాఖపట్నంలో తూకానికి కొని, బాగుచేసి తెస్తాడు. చూడ్డానికి కొత్తవాటిలా ఉంటాయి. నేను లోపల ఏం చూస్తాను? ఈ నల్లది పోయిన వారం తెచ్చాడు. ఆ నీలందే ఇదని, నా పిల్లల మీద ఒట్టు, నువ్వు గీకేదాకా నాకు తెలీదు.”

“తెలీనోడివి షట్టరెందుకు దించినావు?”

“ఆ ఎరుపు చూసి భయమేసింది! ఏదో ఉందని తెలుస్తూనే ఉంది కదా!”

“ఎవుడాడు? పేరు సెప్పు.”

రమేష్‌బాబు పైడిరాజుని చూశాడు, శ్రావణిని చూశాడు.

“ఆ పేరు నా నోటితో చెప్పను. కొట్టుకో. స్టేషనుకి లాక్కెళ్ళు. ఆ పేరు వింటే నువ్వే ఈ షట్టరు దించమంటావు పైడిరాజూ.”

“ఆ కోచ్ గాడేనా?” పైడిరాజు గుప్పిలి బిగించాడు. “ప్రదీపుకి నీలంది బాగున్నాదన్నదీ ఆడే, దీన్ని ఈ కొట్టుకి అంపినాదీ ఆడే. సార్, సార్ అని మీరు ఆడి ఎనకాల తిరగడం, ఆడు మా పిల్లల్ని... ఫోన్ కలపవే!”

శ్రావణి కలిపింది. స్పీకరు పెట్టింది.

“చెప్పమ్మా శ్రావణీ, నల్లది చూశావా?” మోహనకృష్ణ గొంతు హుషారుగా ఉంది. వెనక ఎక్కడో పిల్లల విజిల్ మోత.

“సార్, ఈ నల్లది మీకెలా తెలిసింది?”

“రమేష్‌బాబు నిన్న రాత్రి ఫొటో పంపాడు. నీ కొలతకి సరిపోతుందని పదిన్నరకి నీకు పంపాను. ఏం, అమ్ముడైపోయిందా?”

“ఇంకెవరికైనా పంపారా సార్?”

“నీకొక్కదానికే. గ్రూపులో పెడితే గంటలో ఎగరేసుకుపోతారు. అందుకే ఎవరికీ చెప్పకన్నాను కదా.”

శ్రావణి ఫోను పెట్టేసింది.

ఎవరికీ చెప్పకన్నారు. ఆమె ఎవరికీ చెప్పలేదు. అమ్మకి చెప్పలేదు, నాన్నకి చెప్పలేదు, అన్నయ్యకి కూడా చూపించలేదు. రమేష్‌బాబు కొట్లో మూడు సైకిళ్ళున్నాయని, అందులో ఒకటి నల్లదని, ఈరోజు పొద్దున్న ఆ ఇంట్లో ఆమెకి తప్ప ఇంకెవరికీ తెలిసే దారి లేదు.

నల్లది మాత్రం ముట్టుకోకే గుంటా.

ఆమె సైకిలుకే ఆనుకుంది. అది ‘టిక్’ అంది.

ఒక్కొక్కటీ వచ్చి పక్కన నిలబడుతున్నాయి. నీలం సైకిలు పాతసామాన్లకి వేసేశానని, ఆ దరిద్రం ఇంకెప్పుడూ గుమ్మం తొక్కదని ఇంటికొచ్చి చెప్పిందెవరు? ఆటోలకి సొట్టలు పూడ్చి రంగులేసే షెడ్డు ఎవరిది? పూజ మర్నాడు, శనివారం, చేపల పులుసుతో అన్నం తిని, వాకిట్లో ఉన్న సైకిలు ముందు ఐదు నిమిషాలు మాటాపలుకూ లేకుండా నిలబడిపోయి, చివరికి “నెమ్మదిగా తొక్కరా అల్లుడూ” అని మాత్రం అని వెళ్ళిపోయిందెవరు?

ఒక్క మాట చెప్పుంటే సరిపోయేది. ఆ ఒక్క మాటకి అన్నయ్య దవడ, మరిడమ్మ కాలు, ఇంటికి రావలసిన ఒక ఉద్యోగం, అన్నీ మిగిలుండేవి.

“ఏటే అలగైపోనావు?” పైడిరాజు ఆమె భుజం పట్టుకున్నాడు. “తెలిసినాదేటి? ఎవుడే?”

చేతిలో ఫోను మోగింది. అమ్మ. వేలు పచ్చ గుర్తు మీద పడింది. స్పీకరు ఇంకా వేసే ఉంది. పద్మకుమారి గొంతు కొట్టంతా నిండింది.

“ఏటే, కొన్నావా లేదా? నాన్న నీ దగ్గరికే వొచ్చినాడా? ఇక్కడ మీ మావ పొద్దున్నుంచీ నాలుగుసార్లు అడిగినాడు, ఏది కొన్నాదీ, ఏది కొన్నాదీ అని. ఇదిగో, ఇప్పుడు కూడా మీ అన్నకి గంజి పడతన్నాడు. నేనైనా అంత ఓపిగ్గా పట్టను తల్లీ. పాపం, దగ్గిర కూకుని సెంచాతో...”

శ్రావణి రమేష్‌బాబు వైపు చూసింది. అతను తల దించుకున్నాడు.

పెట్టెయ్యొచ్చు. ఫోను పెట్టేసి, ఇంటికెళ్ళి, తలుపు మూసి, అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని మెల్లగా చెప్పొచ్చు. లేదా అసలు చెప్పకుండా బూడిద రంగు సైకిలు కొనుక్కుని వెళ్ళిపోవచ్చు. అమ్మకి ఉన్నది ఒక్క తమ్ముడు. కానీ ఆ తమ్ముడు చెంచా పట్టుకుని కూర్చున్నది, నోరు తెరవలేని అన్నయ్య పక్కన.

“అమ్మా, ఫోను పెట్టకు. అన్నయ్యకి వినబడేలా పట్టుకో.”

“ఏటే, ఏటైనాది?”

“అన్నయ్య తప్పు లేదమ్మా. సైకిలు ముందే విరిగి ఉంది. నువ్వు రాసిన పసుపే సాక్ష్యం. విరిగినదానికి రంగేసి అమ్మించిన మనిషి ఎవరో తెలిసింది.”

అవతల చెంచా గిన్నెకి తగిలిన చప్పుడు ఆగిపోయింది.

“ఎవడే ఆడు?” పద్మకుమారి గొంతు పైకి లేచింది. “ఎవడు నా కొడుకుని ఇలగ సేసినోడు? పేరు సెప్పు, ఆడి కొంపకెల్లి...”

పైడిరాజు కూతురి మొహంలోకి చూస్తున్నాడు. శ్రావణి ఫోను నోటి దగ్గరికి తెచ్చుకుంది. ఒక్కొక్క అక్షరమూ అవతలి గదిలో ముగ్గురికీ అందేలా చెప్పింది.

“నీ పక్కనే ఉన్నాడమ్మా. గిరిబాబు మావ.”